అద్దాల పేటికలో మళ్లీ మళ్లీ వచ్చిన చిలుము: ఒక బరోక్ చాపెల్‌లోని వేదసాక్షి అవశేషాలపై కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు దక్షిణ జర్మనీలోని బవేరియాలో ఒక చిన్న ఊరి కథోలిక చాపెల్‌ది. ఊరి పేరు, పునీతుని పేరు, పనిలో ఉన్నవాళ్ల వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. అవశేషాల మీద, అంటే భక్తులు పూజ్యంగా చూసుకునే పునీతుల ఎముకల మీద, దొంగల కన్ను ఎప్పుడూ ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ ఊరివాళ్లకి ఆయన మ్యూజియంలో వస్తువు కాదు, తమ పునీతుడు.

చాపెల్ 18వ శతాబ్దం మొదటి సగంలో కట్టినది. గోడల మీద గారతో తీర్చిన అలంకారం, చెక్క మీద బంగారు రేకు తాపిన మూడు పీఠాలు ఉన్నాయి. కుడివైపు పీఠం బల్ల కింద ఒక అద్దాల పేటిక ఉంది. పొడవు 1.7 మీటర్లు, లోతు 60 సెంటీమీటర్లు, ఎత్తు 70 సెంటీమీటర్లు. అందులో మోచేతి మీద వాలి పడుకున్న నిండు అస్థిపంజరం. పీఠం బల్ల మీద, కొవ్వొత్తుల వెనక, పిరమిడ్ ఆకారంలో రెండు చిన్న అవశేష పేటికలు. ఈ కేసు ముడి విప్పింది ఆ రెండే కాబట్టి వాటిని గుర్తుంచుకోండి.

ఇలాంటి అస్థిపంజరాలు ఆల్ప్స్‌కి ఉత్తరాన చాలా గుళ్లలో కనిపిస్తాయి. 1578లో రోములో సలారియా రహదారి దగ్గర భూగర్భ సమాధులు బయటపడ్డాయి. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ మతసంస్కరణ కాలపు అల్లర్లలో జర్మన్ ప్రాంతాల గుళ్లు తమ అవశేషాలను పోగొట్టుకుని ఉన్నాయి. ఆ సమాధుల్లోని ఎముకలు తొలినాటి వేదసాక్షులవని, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన క్రైస్తవులవని నమ్మి, ధ్రువపత్రం జతచేసి, రోము నుంచి ఇక్కడికి పంపేవాళ్లు. మఠాల్లోని కన్యస్త్రీలు, సహోదరులు ఆ ఎముకలను ఒక్కొక్కటిగా సన్నని పట్టు జాలిలో చుట్టి, తీగపనితో, పూసలతో, రంగు రాళ్లతో అలంకరించేవాళ్లు. బవేరియాలోనే ఉన్న వాల్డ్‌సాసెన్ బసిలికా అనే పెద్ద గుడిలో ఇలాంటి పది నిండు దేహాలున్నాయి. వాటి అలంకరణ అడాల్బార్ట్ ఎడర్ అనే మఠ సహోదరుడి చేతిపని. మన కేసులోని పునీతుడు అంత వైభవంగా లేకపోయినా, పని పద్ధతి అదే.

ఈ అలంకారం దేనితో చేశారో తెలియకపోతే తరవాతి గొడవ అర్థం కాదు. దూరం నుంచి బంగారంలా మెరిసే తీగ బంగారం కాదు. రాగి తీగ మీద వెండి పూత, కొన్నిచోట్ల ఆ వెండి మీద సన్నగా బంగారు పూత. మన జరీలో చౌకరకం ఎలా ఉంటుందో అలాంటిదే. దాన్ని స్ప్రింగులా చుట్టి, సాగదీసి, రేకలుగా వంచి గులాబీలు కట్టారు. ప్రతి గులాబీ నడుమ ఒక గాజు పూస, లేదా వెనక రంగు రేకు పెట్టిన గాజు రాయి. పుర్రె మీద మైనపు ముఖం. లోపల ఎముకలు నిలవడానికి చెక్క, ఇనుప తీగ. అంటే ఒకే పేటికలో రాగి, వెండి, గాజు, పట్టు, మైనం, కాగితం, కలప, ఎముక ఉన్నాయి. వీటన్నిటికీ ఒకే వాతావరణం సరిపడదు.

సమస్య ఎలా కనిపించింది

గుడి చూసుకునే పెద్దాయన మూడు సంగతులు చెప్పారు. ఒకటి, పునీతుని ఛాతీ మీద గులాబీలు "పచ్చబడుతున్నాయి". రెండు, పేటిక అడుగున సన్నని పిండి రాలుతోంది. మూడు, తుడవడానికి పేటిక దగ్గరికి వెళ్లినప్పుడల్లా సందుల్లోంచి పుల్లటి వాసన కొడుతోంది. ఈ మూడోదాన్ని, సంరక్షణ పనికి వెళ్లిన మేము, మొదటి నివేదికలో ఒక్క వాక్యంతో సరిపెట్టాం. అది తప్పు.

దగ్గరికి వెళ్లి చూస్తే, ఎడమ భుజం మీది ఒక గులాబీ ఇలా ఉంది: రేకల తీగ నల్లబడింది, అది వెండి మీద గంధకం వల్ల వచ్చే మామూలు నలుపు. నడిమి పూస చుట్టూ మాత్రం, పూసకి తీగ ఆనిన చోటే, మెరిసే నీలి-ఆకుపచ్చ గడ్డలు. పూస మీద చిన్న చిన్న తడి బొట్లు. సూక్ష్మదర్శిని కింద పూస లోపల చేప పొలుసులాంటి సన్నని పగుళ్లు.

పేటిక చరిత్రలో ఒక మార్పు కాగితాల్లో దొరికింది. 1970లలో జరిగిన మరమ్మతులో, పుచ్చిపోయిన పాత వెనక పలక తీసేసి, చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు వేశారు. దాని మీద ఎర్ర మఖమలు గుడ్డ జిగురుతో అంటించారు. లోపల పైభాగంలో ఒక ట్యూబ్‌లైట్ కూడా పెట్టారు.

ముందుగా తేల్చుకోవాల్సింది: దేన్ని ముట్టుకోవచ్చు

అవశేషాల పేటికను తెరవడం తాళం తీయడం లాంటిది కాదు. ఎర్ర పట్టు దారాలు కట్టి, వాటి మీద మేత్రాసనం (పీఠాధిపతి, అంటే బిషప్, పాలనలోని ప్రాంతం) లక్క ముద్ర వేసి ఉంటుంది. ముద్ర చెదిరితే ధ్రువపత్రానికీ ఎముకలకీ మధ్య ఉన్న లంకె తెగుతుంది. తిరుసభ (కథోలిక సంఘం) చట్టం 1190వ సూత్రం అవశేషాల అమ్మకాన్ని నిషేధిస్తుంది. ముఖ్యమైన అవశేషాలను రోము అనుమతి లేకుండా శాశ్వతంగా తరలించడం కూడా చెల్లదు. అవశేషాల ప్రామాణ్యత, సంరక్షణ గురించి వాటికన్ 2017 డిసెంబరులో ఒక సూచన పత్రం ఇచ్చింది. అందుకే పరికరాల పెట్టె తెరవకముందే పీఠాధిపతి కార్యాలయానికి ఉత్తరం రాయాలి. ఎవరెవరు ఉంటారు, ఏది తెరుస్తారు, ఎక్కడ ఉంచుతారు, ఎప్పుడు మూస్తారు అన్నీ అందులో ఉండాలి.

ఇక్కడ ముద్రలు రెండు వరసల్లో ఉన్నాయి. బయటి వరస పేటిక వెనక తలుపు మీద. లోపలి వరస ఎముకలకి చుట్టిన జాలి మీద, రిబ్బన్ల చివర. బయటివి మాత్రమే, పీఠాధిపతి ప్రతినిధి చేతులతోనే తీయాలని, లోపలివి ఎట్టి పరిస్థితుల్లోనూ కదపకూడదని నిర్ణయించాం. దీనివల్ల చేతులు కట్టేసినట్టే అయింది. జాలి లోపలి ఎముకలను నేరుగా చూడలేం, పూసలను విప్పి విడిగా శుభ్రం చేయలేం. లోపలి కట్టుబడి తెలుసుకోవడానికి తీసుకెళ్లగలిగే ఎక్స్‌రే యంత్రం వాడాం. కుడి తొడ ఎముక స్థానంలో చెక్క ఉందని, పక్కటెముకల్ని ఇనుప తీగే మోస్తోందని అందులో తేలింది. ఆ తీగ ఎక్కడా తెగలేదు. అందువల్ల లోపలి ముద్రల జోలికి పోవాల్సిన అవసరమే లేదని నిర్ధారణ అయింది. ఎముకలు ఆరోగ్యంగా ఉన్నాయి. జబ్బంతా అలంకారానిది.

పురుగు సంగతి

ఇది తొందరగా తేలిన భాగం. మఖమలు మడతల్లో బట్టల చిమ్మట గూళ్లు దొరికాయి. పేటిక ఓక్ అడుగు పలకలో పుచ్చు పురుగు రంధ్రాలున్నాయి. రంధ్రం ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు, చాలావాటిలో అది వందేళ్ల కిందటే పోయి ఉంటుంది. అందుకని రంధ్రాల మీద పలుచని టిష్యూ కాగితం అంటించి, కింద నల్ల కాగితం పరిచి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా వదిలేశాం. ఐరోపాలో ఎదిగిన పురుగు కలపలోంచి బయటికొచ్చే కాలం అదే. మూడుచోట్ల టిష్యూకి కొత్త చిల్లులు పడ్డాయి, నల్ల కాగితం మీద తెల్లటి తాజా పిండి రాలింది. పురుగు బతికే ఉంది.

చంపే పద్ధతి ఎంచుకోవడంలోనే అసలు ఆలోచన. మన బియ్యం గోదాముల్లో పెట్టే మాత్రల నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పురుగుల్ని బాగా చంపుతుంది, కానీ రాగిని తినేస్తుంది. ఇక్కడ వెండి పూత కింద ఉన్నదంతా రాగే. గడ్డకట్టించడం చిమ్మటకి మంచి మందు, కానీ మైనపు ముఖం చలికి పెళుసెక్కి పగులుతుంది. పగుళ్లున్న గాజుకీ అది ప్రమాదమే. తేమ అదుపులో పెట్టి 55 డిగ్రీల దాకా వేడి చేసే పద్ధతి కలపకి పనికొస్తుంది, మైనానికీ లక్క ముద్రలకీ పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ మోతాదులో పెడితే, అప్పటికే తడిసి ఉన్న గాజు క్షారంతో కలిసి కార్బొనేట్లు పెంచుతుంది. మిగిలింది నైట్రోజన్. వాయువు చొరబడని ఫిల్మ్‌తో పేటిక చుట్టూ గుడారం కట్టి, ఆక్సిజన్‌ను 0.3 శాతం కంటే తక్కువకి దించి, 22 డిగ్రీల దగ్గర ఐదు వారాలు ఉంచాం. చిమ్మటకి మూడు వారాలు చాలు. కలపలోని లార్వా మొండిది, అందుకని ఐదు. సిలిండర్ నుంచి వచ్చే నైట్రోజన్ ఎముకలా ఎండి ఉంటుంది. దాన్ని నీటి సీసాలోంచి పంపి, లోపలి తేమకి సమానం చేసి వదలాలి. ఈ ఒక్క మెట్టు మర్చిపోతే పురుగుతో పాటు పట్టూ పోతుంది.

పాత పురుగుమందుల సంగతీ చూసుకోవాలి. ఈ గుళ్లలో కలపకి ఒకప్పుడు లిండేన్, డీడీటీ పూసి ఉండటం, పాత అలంకారాల్లో ఆర్సెనిక్, పాదరసం ఉండటం మామూలే. మూలకాలను గుర్తించే ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ పరికరంతోనూ, తుడిచిన నమూనాలతోనూ పరీక్షించేదాకా నైట్రైల్ చేతితొడుగులు, ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

మొదటి ప్రయత్నం: తేమని అదుపు చేయడం

చిలుము చూడగానే తేమ అనుకోవడం సహజం. తేమ కొలిచే లాగర్లు కూడా ఆ మాటే చెప్పినట్టు కనిపించింది. వానాకాలంలో చాపెల్‌లో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం. చలికాలంలో 70 దగ్గర ఉండి, ఆదివారం పూజకి ముందు హీటర్ వేయగానే రెండు గంటల్లో 45కి పడిపోతుంది. పేటిక సందులన్నీ వదులుగా ఉండటంతో లోపల కూడా అదే ఊగిసలాట.

అప్పటి వాదన ఇది: సందులు మూసేసి, అడుగున తేమని పీల్చి, వదిలి నిలకడగా ఉంచే సిలికా జెల్ గుళికలు పెట్టి 45-50 శాతం దగ్గర నిలిపితే చిలుము ఆగుతుంది. గులాబీల మీది పచ్చ గడ్డల్ని సూదితో, ముళ్లపంది ముల్లుతో తీసేశాం. ట్యూబ్‌లైట్ తీసేసి బయట ఎల్‌ఈడీ పెట్టాం. అద్దాల సందుల్లో సిలికోన్ పూయించాం. ఊరి పండుగ దగ్గరపడుతుండటంతో మఖమలు, పార్టికల్ బోర్డు మార్చే పని "తరవాతి దశ"కి వాయిదా వేశాం. నైట్రోజన్‌తో పురుగు చచ్చింది కదా, గుడ్డ ఇంకొంతకాలం ఉన్నా నష్టం లేదనుకున్నాం.

ఏడు నెలల్లో చిలుము తిరిగొచ్చింది. శుభ్రం చేసిన చోట్లే, ముందుకంటే దట్టంగా, ముందుకంటే నీలంగా. లాగర్ చూస్తే ఆర్ద్రత 46 నుంచి 49 మధ్యే ఉంది, ఒక్కరోజూ తప్పలేదు. అంటే చేయాలనుకున్నది చక్కగా చేశాం, జబ్బు మాత్రం పెరిగింది. ఇలాంటి ఫలితం వచ్చినప్పుడు మందు మోతాదు పెంచకూడదు, రోగ నిర్ణయాన్నే అనుమానించాలి.

రెండో ప్రయత్నం: పుల్ల వాసన వెంట

అప్పుడు పెద్దాయన చెప్పిన వాసన గుర్తుకొచ్చింది. ఆమ్లపు ఆవిరికి నీలం నుంచి ఆకుపచ్చకి, ఆపైన పసుపుకి మారే సూచిక కాగితాలుంటాయి. పాత సినిమా రీళ్లు పుల్లబడటం పసిగట్టడానికి తయారైనవి. వాటిని పేటికలో పెడితే ఒక రోజులో ఆకుపచ్చకి తిరిగాయి. పూసిన సిలికోన్ ఎసిటిక్ ఆమ్లం వదిలే రకమని అద్దాల పనివాళ్లని అడిగితే తెలిసింది. ఓక్ పలక, మఖమలు కింది జిగురు కూడా అదే ఆమ్లాన్ని వదులుతాయి. నేరస్తుడు దొరికాడనుకున్నాం. సిలికోన్ మొత్తం గీకించి, ఆమ్లం వదలని రకం వేయించాం. మఖమలు కూడా తీయించాం. సూచిక కాగితాలు నీలంగా నిలబడ్డాయి.

చలికాలం దాటేసరికి చిలుము మళ్లీ మొదలైంది.

ఇక్కడ జరిగిన పొరపాటు వృత్తిలో ఉన్నవాళ్లు జాగ్రత్తగా చూడాల్సింది. ఆ కాగితాలు ఆమ్లాన్ని చూపిస్తాయి, ఫార్మాల్డిహైడ్‌ని చూపించవు. అది ఆమ్లం కాదు. కాగితం నీలంగా ఉందంటే గాలి శుభ్రంగా ఉందని కాదు, ఆ కాగితానికి కనిపించేది ఏదీ అక్కడ లేదని మాత్రమే.

ముడి ఎక్కడ విడింది

తిరిగి మొదటికి వచ్చి, ఏ కొలతా లేకుండా కళ్లతో చూశాం. ఛాతీ మీది గులాబీలన్నిటినీ ఫొటో తీసి, ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేసుకున్నాం. పచ్చ ఉందా? ఎక్కడ ఉంది? పూస ఏ రంగు? పూస లేని తీగ ఎక్కడా పచ్చబడలేదు. నల్లబడింది అంతే. నీలం పూసల పక్కన దాదాపు లేదు. రంగులేనివి, ఊదా రంగువి, ఈ రెండు రకాల పూసలకి ఆనిన తీగే పచ్చబడింది. తేమే కారణమైతే తీగంతా సమానంగా పాడవ్వాలి.

పీఠం మీది పిరమిడ్ పేటికలు రెండింటినీ పక్కన పెట్టి చూశాం. తీగ చుట్టిన తీరు, పూసల రకం చూస్తే అవీ ఆ చేతులే చేసినవి. అదే చాపెల్, అదే గాలి, అదే 80 శాతం వానాకాలం. పూసలు కొంచెం మసకబారాయి. చిలుము మాత్రం చుక్క లేదు. వాటికి వెనక ఉన్నది 18వ శతాబ్దపు పాత స్ప్రూస్ చెక్క, అద్దాలు వదులు. పెద్ద పేటికకి వెనక పార్టికల్ బోర్డు, అద్దాలు బిగువు.

ఇక పరీక్షలు ఆ దిశగా చేశాం. రంగులేని పూస మీద బియ్యపు గింజంత తడి పీహెచ్ కాగితం ఆనిస్తే 9 దాటింది, అంటే గట్టి క్షారం. గుండుసూది తలంత పచ్చ పొడిని, లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే రామన్ పరీక్షకి పంపితే, మామూలు చిలుములో ఉండే కార్బొనేటు కాకుండా, రాగి-సోడియం ఫార్మేట్ అని వచ్చింది. ఫార్మాల్డిహైడ్ పట్టే నమూనా గొట్టాలు పెడితే, చాపెల్ గాలిలో కంటే పేటికలో అది ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది.

జరుగుతున్నది ఇది. ఆనాటి పూసల్లో కొన్ని గాజుల్లో సున్నం తక్కువ, క్షారం ఎక్కువ. అలాంటి గాజు గాలిలోని తేమకి లోపలి సోడియం, పొటాషియంలను బయటికి వదులుతుంది. ఉపరితలం మీద క్షారపు తడి పొర ఏర్పడుతుంది. పొటాషియం కార్బొనేట్ 43 శాతం ఆర్ద్రత దాటితే చాలు, గాలిలోంచి నీళ్లు లాక్కుని కరుగుతుంది. మేము గొప్పగా నిలబెట్టిన 46-49 శాతం ఆ గీతకి పైనే ఉంది, కాబట్టి బొట్లు ఎప్పుడూ ఆరలేదు. పార్టికల్ బోర్డును పట్టి ఉంచే యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురు దశాబ్దాల తరబడి ఫార్మాల్డిహైడ్ వదులుతూనే ఉంటుంది. ఆ వాయువు క్షారపు తడిలో కరిగి ఫార్మేట్‌గా మారుతుంది. ఫార్మేట్ రాగిని పట్టుకుని పచ్చ గడ్డ కడుతుంది. గాజు, లోహం ఆనిన చోట పుట్టే ఈ రకం చిలుము మీద స్టుట్‌గార్ట్ కళా అకాడమీలో గెర్హార్డ్ ఎగ్గర్ట్ బృందం చాలా పని చేసింది. మొదటి రోజే ఆ కోణం మా తలకి తట్టి ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి.

సందులు బిగించడం వల్ల ఏం జరిగిందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. బయటి తేమని ఆపడంతో పాటు లోపలి విషాన్నీ పోనివ్వకుండా మూతపెట్టాం. వదులు సందులే ఇన్నాళ్లూ పునీతుని కాపాడాయి.

పనిచేసిన చికిత్స

మొదట మూలాన్ని తీసేయాలి. బొగ్గు వడపోత పెట్టి వాయువుని పీల్చుకుందామన్న ఆలోచన వచ్చింది గాని, మామూలు క్రియాశీల బొగ్గు ఫార్మాల్డిహైడ్‌ని సరిగ్గా పట్టుకోదు. పర్మాంగనేట్ కలిపిన గుళికలు పట్టుకుంటాయి, కానీ వాటి పొడి పట్టు మీద పడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. కాబట్టి పార్టికల్ బోర్డు పూర్తిగా తీసేశాం. దాని స్థానంలో ఆనోడైజ్ చేసిన అల్యూమినియం రేకు. రంగు పూత వేసిన రేకు వద్దన్నాం, ఎందుకంటే సరిగ్గా ఆరని పూత మళ్లీ ఏదో ఒకటి వదులుతుంది.

ఓక్ అడుగు పలక అసలుది, దాన్ని తీసే ప్రశ్నే లేదు. పలక మీద, జిగురు లేకుండా, అల్యూమినియం పొర ఉన్న అవరోధ ఫిల్మ్ పరిచి, ఆపైన అల్యూమినియం పళ్లెం కూర్చోబెట్టాం. రేపు ఎవరైనా ఎత్తి పక్కన పెడితే పాత పలక పాతలాగే ఉంటుంది. వెనక తెరకి ఎర్ర గుడ్డ కావాలని ఊరివాళ్లు అడిగారు. న్యాయమైన కోరిక, వాళ్ల చిన్ననాటి నుంచీ ఆ ఎరుపే చూశారు. మూడు రకాల నూలు గుడ్డలు తెప్పించి, వెండి, రాగి, సీసం ముక్కలతో పాటు మూసిన గాజు గొట్టంలో 60 డిగ్రీల దగ్గర 28 రోజులు ఉంచి, లోహాన్ని పాడుచేసే ఆవిరి వదులుతుందేమో చూసే ఓడీ పరీక్ష చేశాం. రెండు తప్పాయి. నిలిచిన మూడోదాన్ని బాగా ఉతికి, జిగురు లేకుండా చట్రానికి కుట్టి వేలాడదీశాం.

ఎంత ఆర్ద్రత పెట్టాలన్నది కష్టమైన నిర్ణయం. గాజుకి 38 నుంచి 42 మంచిది. మరీ తగ్గితే పగుళ్లున్న గాజు ఎండి ఇంకా చిట్లుతుంది. పట్టు, కాగితం, ఎముక 50 దగ్గర హాయిగా ఉంటాయి, కానీ నిలకడగా ఉంటే 40ని భరిస్తాయి. బంగారు తాపడం ఉన్న చెక్క చట్రం భరించలేదు, అదృష్టవశాత్తూ అది పేటిక బయట ఉంది. అందుకని లోపల 40, బయట చాపెల్ వాతావరణం. 48 నుంచి 40కి ఒక్కసారిగా దించలేదు, రెండు వారాలకి ఒక శాతం చొప్పున నాలుగు నెలలు పట్టింది. పేటిక ఘనపరిమాణం 0.7 ఘనపు మీటరు. ఘనపు మీటరుకి 20 కిలోల సిలికా జెల్ అన్న పాత లెక్క ప్రకారం 14 కిలోలు. పళ్లెం కింద, బయటి నుంచి లాగగలిగే సొరుగులో పెట్టాం. ముద్రలు కదపకుండా జెల్ మార్చడానికి ఈ సొరుగే దారి. సొరుగు ఏర్పాటు లేకుండా ఇలాంటి పేటికలో జెల్ పెట్టవద్దు. ప్రతిసారీ పీఠాధిపతి ప్రతినిధిని పిలవలేక చివరికి ఎవరూ మార్చరు.

శుభ్రం చేయడం అన్నిటికంటే నెమ్మది పని. పచ్చ గడ్డని ముల్లుతో విడదీసి, గొట్టం కొనకి జాలి కట్టిన చిన్న వాక్యూమ్‌తో పీల్చాలి. ఆమ్లాలు, రాగిని లాగే రసాయనాలు వద్దు. మన ఇళ్లలో రాగి చెంబుకి చింతపండు రుద్దినట్టు ఇక్కడ ఏది రుద్దినా చిలుముతో పాటు వెండి పూత కూడా పోతుంది. ఆ పూత వెంట్రుక మందంతో పోల్చినా లెక్కలోకి రానంత పలుచన. రాగికి రక్షణగా వాడే బెంజోట్రయజోల్ కూడా వద్దనుకున్నాం. దాన్ని పారేలా పూయాలి, కింద పట్టు ఉంది.

తరవాత పూస. వెనక బ్లాటింగ్ కాగితం ముక్క దూర్చి, అయానులు తీసిన నీళ్లు, ఇథనాల్ సమపాళ్లలో కలిపి, బియ్యపు గింజంత దూది చుట్టిన పుల్లతో రెండుసార్లు తుడవాలి. వెంటనే ఒట్టి ఇథనాల్‌తో ఇంకోసారి. నీళ్లు లేకుండా ఇథనాల్ ఒక్కటే వాడితే క్షారం కరగదు, నీళ్లు ఒక్కటే వాడితే పట్టులోకి పాకుతుంది. పీహెచ్ 8కి దిగేదాకా ఇలా చేయాలి. ఒక్కో గులాబీకి సుమారు నలభై నిమిషాలు పట్టింది. ఎర్ర పట్టు మీద ఉన్న పదకొండు పూసల దగ్గర రంగు పరీక్ష చేస్తే ఎరుపు కారింది. వాటిని పొడి బ్రష్‌తో తప్ప ముట్టుకోలేదు.

తెగిన తీగలు తిరిగి కట్టాల్సిన చోట, పూసకి ఆనే అంగుళం మేర తీగకి పారలాయిడ్ బి-72 అనే ఎక్రిలిక్ పూత పలుచగా పూశాం. గాజుకి పూయలేదు. కారే గాజుకి పూత వేస్తే తడి కిందే చిక్కుకుని గాజునే తినేస్తుంది.

పని సాగిన వారాల్లో పేటిక ఖాళీగా కనిపించకుండా పునీతుని నిలువెత్తు ఫొటో పెట్టాం. దాని ముందు కూడా కొవ్వొత్తులు ఆగలేదు. మూసేటప్పుడు పాత లక్క ముద్రలు, తెగిన దారాలు ఆమ్లరహిత కాగితంలో చుట్టి, పని వివరం రాసిన పత్రంతో పాటు పేటికలోనే ఉంచారు. కొత్త ముద్ర వేశారు, ఒక ప్రతి మేత్రాసనం దస్త్రాల్లోకి వెళ్లింది.

ఇలాంటి పని చేతికొచ్చినవాళ్లకి

చిలుము ఎక్కడ ఉందో కాదు, ఎక్కడ లేదో ముందు గీసుకోండి. ఆ పటమే మా రెండేళ్ల కొలతల కంటే ఎక్కువ చెప్పింది. అదే గుడిలో అదే చేతులు చేసిన ఇంకో వస్తువు ఉంటే, దాన్ని మొదటి రోజే పక్కన పెట్టి చూడండి. పేటిక బిగించే ముందు లోపలున్న ప్రతి పలక, జిగురు, గుడ్డ, సీలెంట్ పేరు రాసుకోండి. ఒక్కటి తెలియకపోయినా బిగించవద్దు. పండుగ తేదీ దగ్గరపడితే పని తగ్గించుకోండి, క్రమం మార్చకండి. మేము బోర్డుని వాయిదా వేసి సీలెంట్‌ని ముందుకు తెచ్చాం, ఆ ఒక్క తారుమారే అన్నిటికీ మూలం. గుడి చూసుకునే మనిషి చెప్పిన వాసన, శబ్దం, రంగు అతని మాటల్లోనే రాసిపెట్టండి. ఆయన వారానికోసారి పేటిక దగ్గరికి వెళ్తారు, మనం ఏడాదికోసారి.

ఇప్పటి పరిస్థితి

మూడో చికిత్స తరవాత రెండు చలికాలాలు గడిచాయి. లోపలి ఆర్ద్రత 39 నుంచి 42 మధ్య ఉంటోంది. జెల్ ఇప్పటిదాకా రెండుసార్లు మార్చాం. ఛాతీ, భుజాల మీది గులాబీలు శుభ్రంగా ఉన్నాయి. ఎడమ పాదరక్ష మీద ఒక ఊదా పూస మాత్రం, నీళ్లు తగలనివ్వని ఆ పదకొండింటిలో ఒకటి, ఇంకా మసకగా ఉంది. దాని కింది తీగ మీద ఆవగింజలో సగమంత పచ్చ చుక్క ఉంది. ప్రతి వసంతంలో అద్దం బయటి నుంచే ఒకే కోణంలో, ఒకే దీపంతో దాని ఫొటో తీస్తున్నాం. ఇప్పటికి పెరగలేదు. పెరిగితే ముద్ర తీయించాల్సి వస్తుంది, ఎరుపు కారకుండా ఆ పూసను తుడిచే దారి వెతకాల్సి వస్తుంది. అందుకోసం అలాంటి ఎర్ర పట్టు ముక్కల మీద, నీళ్లని పట్టి ఉంచే మెత్తటి జెల్‌తో (సిలికా జెల్ కాదు) తుడిచే ప్రయోగాలు బల్ల మీద సాగుతున్నాయి.